దేవుని కోడి

బాసగూడ పోస్టు,
3 సెప్టెంబరు 1979

సువార్తమ్మ వదిన గారికి ప్రసూన వందనాలు.

ముందు అసలు సంగతి. పోయిన నెల పదిహేడున నాకు మగపిల్లవాడు పుట్టాడు. ఇద్దరం క్షేమం. మీ తమ్ముడు టెలిగ్రాం ఇద్దామని బీజాపూర్ తపాలాఫీసుకి వెళ్తే, వానలకు తీగలు తెగాయని తిప్పి పంపారట. అందుకని ఈ వార్త మీకు ఉత్తరంలోనే తెలుస్తోంది. మా ఇంటి ముందు పారే తాలిపేరే మీ చర్ల పక్కనా పారుతుంది. దాంట్లో కాగితం పడవ వేసినా మీకు ముందు చేరేది. ఉత్తరం మాత్రం గీదం వెళ్ళి, జగ్దల్‌పూర్ చూసి, ఊళ్ళన్నీ తిరిగి మీ దగ్గరికి వస్తుంది.

పురుడు ఇంట్లోనే అనుకున్నాం. బాసగూడ నర్సమ్మ వస్తానంది. కానీ ఆమె ఏటికి అవతల, మేము ఇవతల. నొప్పులు మొదలైన రోజున ఏరు ఒడ్డులు దాటి పారుతోంది. పక్కింటి లక్మే వచ్చి చూసింది. ఈ చుట్టుపక్కల పురుళ్ళన్నీ పోసేది ఆవిడే. పొట్ట మీద చెయ్యి పెట్టి నాలుగు వైపులా తడిమి, "బిడ్డ అడ్డం తిరిగింది. నాతోని కాదు. దవాఖానకు తీస్కపోండ్రి" అంది. తనతో కాదని లక్మే అనగా ఈ ఊళ్ళో ఎవరూ వినలేదట.

మంచాన్ని తిరగేసి, తాళ్ళు కట్టి, వెదురు బొంగు దూర్చి నలుగురు ఎత్తుకున్నారు. మాడ, అతని తమ్ముడు భీమా, ఇంకా ఇద్దరు. మధ్యలో నీళ్ళు వాళ్ళ గడ్డాల దాకా వచ్చాయి. లక్మే నా తల పట్టుకుని పక్కనే ఈదుకుంటూ వచ్చింది. అవతల జీపు దొరికింది. బీజాపూర్‌లో డాక్టరు చేత్తో బిడ్డను తిప్పి బయటికి తీశాడు. ఇంకాసేపు ఆలస్యమైతే ఇద్దరం దక్కేవాళ్ళం కాదన్నాడు. మామూలుగా చెప్పాడు, వాన పడేలా ఉందన్నట్టు.

వదినా, నాకు ఒకటే కోరిక. ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకోవాలి. నలుగురిలో నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పి, దేవునికి వందనాలు చెల్లించాలి. వచ్చినవాళ్ళకు కడుపునిండా అన్నం పెట్టాలి. అప్పటిదాకా ఈ బిడ్డ నా బిడ్డ అన్న నమ్మకం నాకు కుదిరేలా లేదు. కోతలయ్యాక పెట్టుకుందాం, మీరు రావాలి. అన్నయ్య గారికి నా వందనాలు.

ప్రసూన

* * *

చర్ల,
29 సెప్టెంబరు 1979

మరదలు ప్రసూనకు వదిన దీవెనలు.

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద పప్పు మాడ్చాను. మీ అన్నయ్య మాడిన పప్పే తిని, మేనల్లుడు పుట్టాడు కదా ఇవాళ ఏం తిన్నా తియ్యగానే ఉందన్నాడు. ఆ మనిషి నోట అంత పెద్ద మాట రావడం నేను ఈ మధ్య వినలేదు.

ఇప్పుడు చెప్పేది బుద్ధిగా విను. చన్నీళ్ళు ముట్టుకోకు. చెవుల్లో దూది తియ్యకు. కాయం ఉండలు చేసి పంపిస్తున్నాను, పొద్దున్నే ఒకటి మింగు, చేదని ఉమ్మెయ్యకు. నాకు పిల్లల్లేరు కాబట్టి నాకేం తెలుసని అనుకోకు. చర్లలో సగం మంది పసివాళ్ళకు తలంటు పోసింది నేనే. ఆ పిల్లలే ఇప్పుడు మీసాలొచ్చి నన్ను చూసి తప్పుకుపోతున్నారు.

కూడిక తప్పకుండా పెడదాం. పాస్టరుగారితో మాట్లాడాను. క్రిస్మసు పనులయ్యాక, ఏట్లో నీళ్ళు తగ్గాక, ఆయన్ని వెంటబెట్టుకుని అడవి దారిన నేనే వస్తాను. నీకు మూడో నెల అని తెలిసినప్పుడు నేను పంపిన పెట్టను జాగ్రత్తగా చూస్తున్నావు కదా. కాలికి ఎర్రగుడ్డ పీలిక కట్టి, ఇది దేవుని కోడి, బిడ్డ క్షేమంగా పుడితే కృతజ్ఞత కానుకగా ఇస్తాం అని ప్రార్థన చేసి మరీ పంపాను. మన ఇంట్లో ప్రతి కానుపుకీ ఒక కోడిని దేవునికి వదలడం మా అమ్మ నాటి నుంచీ ఉంది. కూడికలో దాన్ని ముందు పెట్టి ప్రార్థించి పాస్టరుగారి చేతికివ్వాలి. మిగతా కోళ్ళతో కలవకుండా అరుగు మీద కట్టేసి ఉంచు.

మంచం మోసినవాళ్ళకు తలో కండువా ఇచ్చి పంపు. కూడికకు మాత్రం పిలవకు. ఇప్పసారా తాగి వస్తే పాటలు పాడేవాళ్ళ గొంతు పైకి లేవదు. బిడ్డకు పేరు నేను వచ్చాకే. తొందరపడి ఏ సినిమా పేరో పెట్టేరు.

నీ వదిన,
సువార్తమ్మ

* * *

బాసగూడ పోస్టు,
24 అక్టోబరు 1979

వదిన గారికి ప్రసూన వందనాలు.

కాయం ఉండలు అందాయి. రోజూ మింగుతున్నాను. ఒకటి లక్మేకు రుచి చూపిస్తే ముఖం చిట్లించి, ఇంత చేదు మందు చేసే మనిషి ఎంత మంచిదై ఉండాలి అంది. అది మెప్పో కాదో నాకు తెలియలేదు. బాబు మీ తమ్ముడిలాగే నిద్రలో కనుబొమలు ముడుస్తాడు. బళ్ళో ఎవరో లెక్క తప్పు చేసినట్టు ఉంటుంది ఆ ముఖం.

ఒక విషయంలో మీ మాట కాదంటున్నందుకు ఏమీ అనుకోవద్దు. నన్ను మోసినవాళ్ళకు కండువాలిచ్చి గుమ్మంలోంచే పంపడం నావల్ల కాదు. కూడికకు వాళ్ళు రావాలి, మనతో కూర్చుని తినాలి. వాళ్ళు లేకుండా నేను నిలబడి చెప్పడానికి నా దగ్గర సగం మాటే ఉంటుంది. తాగి రావద్దని ముందే చెప్తాను. మాడ మాట ఇస్తే నిలబడతాడు.

ఇంకొకటి. దేవుని కోడి ఇప్పుడు లేదు. మీరు వచ్చినప్పుడు చెప్తాను, ఉత్తరంలో రాయదగ్గది కాదు. మీరు కంగారు పడకండి.

వానలు వెళ్ళిపోయాయి. వడ్లు పాలు పోసుకుంటున్నాయి.

ప్రసూన

* * *

చర్ల,
13 నవంబరు 1979

ప్రసూనకు వదిన దీవెనలు.

కంగారు పడొద్దని రాశావు కాబట్టి కంగారు పడ్డాను. తర్వాత కూర్చుని ఆలోచించాను. ఆలోచిస్తే అంతా తెలిసిపోయింది. తిన్నావు.

సిగ్గుపడకు. బాలింత ఆకలి నేను చూడనిదా. ఆస్పత్రి నుంచి వచ్చి ఉంటావు, ఒంట్లో నెత్తురు లేదు, వాన పడుతోంది, అరుగు మీద కోడి కట్టేసి ఉంది. మా తమ్ముడికి జాలి ఎక్కువ, బుర్ర తక్కువ. పులుసు పెట్టి ఉంటాడు. దేవుడు ఒక కోడి కోసం ఆకలితో కూర్చోలేదు. అయినా ఆయనకని వదిలింది ఆయనదే కదా. ఆయన సొమ్ము వండుకు తిని, దాని గురించే కృతజ్ఞత చెప్తామంటే ఎలా కుదురుతుంది.

పాస్టరమ్మగారి చెవిన వేశాను. ఆవిడ పాస్టరుగారికి చెప్పారు. కూడిక మొదట్లో నువ్వు లేచి, ఆకలికి ఆగలేక తిన్నాను క్షమించమని ఒక్క మాట అంటే చాలన్నారు. ఇంకో కోడిని నేను తెస్తాను. దీంతో ఈ గొడవ వదిలిపోతుంది. నేనైతే ఎవరికీ చెప్పలేదు, పాస్టరమ్మగారికి తప్ప. ఆవిడ చెప్పిన వాళ్ళకు నా పూచీ లేదు.

మోసినవాళ్ళ సంగతి పాస్టరుగారు వచ్చాక చూద్దాం. ఆయన ముందు నువ్వు ఈ మొండితనం చూపించకు. బిడ్డకు జలుబు చేస్తే తులసాకు రసం పట్టు.

నీ వదిన,
సువార్తమ్మ

* * *

బాసగూడ పోస్టు,
2 డిసెంబరు 1979

వదిన గారికి వందనాలు.

నేను తినలేదు. మీ తమ్ముడూ తినలేదు. మా ఇంటి పొయ్యి మీదికి ఆ కోడి రాలేదు. చెయ్యని పనికి నలుగురిలో లేచి క్షమాపణ అడగలేను. నేను లేచేది ఒక్కందుకే. అది కృతజ్ఞత.

ఏం జరిగిందో రాయడానికి నాకు అభ్యంతరం లేదు. మీ తమ్ముడు వద్దన్నారు. "అక్కకు మాత్రం రాయొద్దు" అన్నారు. ఎందుకని అడిగితే బడికి వేళయిందని లేచారు. అప్పటికి సూర్యుడు కూడా సరిగ్గా లేవలేదు. ఆదివారం ప్రార్థన కూడా ఈ మధ్య నన్నే నడిపించమంటున్నారు. ఆయన వెనక గోడకు ఆనుకుని కూర్చుంటున్నారు. ఇక్కడి ఆరేడు కుటుంబాలకూ ఏం చెప్పాలో తెలియక, బాలింతకు ప్రార్థన మంచిదని చెప్పాను.

బాబు బాగున్నాడు. కోతలు సగమయ్యాయి.

ప్రసూన

* * *

చర్ల,
19 డిసెంబరు 1979

ప్రసూనకు,

నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసింది. మిరపతోటల్లో పనికి మీ వైపు మనిషి ఒకడు వచ్చాడు. బాసగూడ దగ్గరి బడి గురూజీ మా తమ్ముడే అని చెప్తే, "ఎరుకే గదా, రోజూ పొద్దుగూకంగనె మాడ ఇంటికాడ్నే ఉంటడు" అన్నాడు. ఏం చేస్తుంటాడయ్యా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకు అర్థం తెలియనంత చిన్నపిల్లను కాను.

దేవుని కోడి సారా పక్కన నంజుకు పోయిందన్నమాట. అందుకే ఆదివారం గోడకు ఆనుకుంటున్నాడు. అందుకే అక్కకు రాయొద్దన్నాడు. నువ్వు మొగుణ్ణి కప్పి పుచ్చుతున్నావు. ఆడదానివి, బిడ్డతల్లివి, నీ మీద నాకు కోపం లేదు. వాణ్ణి నా చేత్తో పెంచాను. అమ్మ పోయాక అన్నం కలిపి పెట్టింది నేను. వాడి నోట సారా వాసన అని రాసే రోజు వస్తుందని అనుకోలేదు. ఏడుపొస్తోంది, రాసేస్తున్నాను.

పాస్టరుగారికి చెప్పక తప్పలేదు. జనవరిలో వచ్చి మీ సంఘం బాధ్యత వాడి నుంచి తీసి బాసగూడ కాంపౌండరుకు ఇస్తానన్నారు. కూడిక ఇప్పుడు వద్దు. ఇంటిపెద్ద అలా ఉండగా కృతజ్ఞత ఏమిటి. ఇందులో మడిచిన కాగితం వాడికి. నువ్వు చదవకు.

సువార్తమ్మ

* * *

బాసగూడ పోస్టు,
4 జనవరి 1980

వదిన గారికి ప్రసూన వందనాలు.

మడిచిన కాగితం ఆయనకు ఇచ్చాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకుని, మాడ ఇంటికి వెళ్ళారు. ఇక నేను ఊరుకోలేను. ఆయన వద్దన్నా రాస్తున్నాను. తాగుబోతు అనిపించుకోవడం కంటే నిజం మేలు.

ఆ రోజు మంచాన్ని ఏటి ఒడ్డుకు తెచ్చి దించారు. వాన దంచుతోంది. నీళ్ళు ఎర్రగా, చెట్ల కొమ్మల్ని లాక్కుపోతున్నాయి. మాడ నీళ్ళ వైపు చూసి వెనక్కి తిరిగాడు. "గురూజీ, ఏరమ్మకు కోడన్న ఇయ్యాలె. ఇయ్యకుంట మేం దిగం. మాకు గూడ పిల్లలున్నరు" అన్నాడు. బేరం ఆడినట్టు అనలేదు. భయపడి అన్నాడు. నేను పడుకున్న చోటి నుంచి నాకు కనిపించేవి వాళ్ళ కాళ్ళే, ఒక్కటీ నీళ్ళ వైపు కదలలేదు.

మీ తమ్ముడు వాదిస్తారనుకున్నాను. ముందు ప్రార్థన చేద్దాం అంటారనుకున్నాను. నాకు తెలిసిన మనిషి అలా అనేవాడే. ఆయన వెంటనే ఇంటి వైపు పరుగెత్తారు. వానకు మిగతా కోళ్ళన్నీ గాదె కింద దూరాయి, చేతికి అందవు. అరుగు మీద కట్టేసి ఉన్నది మీ కోడి ఒక్కటే. తాడుతో సహా తెచ్చి మాడ చేతిలో పెట్టారు. కాలికి ఎర్ర పీలిక అలాగే ఉంది. వాళ్ళు ఒడ్డున కోసి నీళ్ళల్లో వేశారు. తర్వాత నన్ను ఎత్తుకున్నారు.

కోడిని ఇచ్చినందుకు ఏరు తగ్గలేదు వదినా. అంతే ఉధృతంగా ఉంది. వాళ్ళ భయం తగ్గింది. ఆ కాస్త ధైర్యం మీదే నేను అవతలికి చేరాను. ఏట్లో బండరాయి తగిలి మాడ పాదం చీలింది. నెత్తురు కారుతున్నా మంచం దించలేదు. ఆ పుండు మానక చీము పట్టింది. మీ తమ్ముడు రోజూ సాయంత్రం వెళ్ళి కడిగి, మందు రాసి, కట్టు కట్టి వస్తున్నారు. మీ మిరపతోట మనిషి చూసింది అదే. నవ్వాడంటే, గురూజీ ఒక దొర్ల తెగవాడి కాళ్ళు కడుగుతున్నాడని నవ్వి ఉంటాడు.

ఆ కోడి దేవునిదని నాకు తెలుసు. అది ఎవరికి వెళ్ళిందో కూడా తెలుసు. నేను చదువుకున్న వాక్యంలో ఇది తప్పే. తప్పని చెప్పడానికి నేను సిద్ధం. కానీ కృతజ్ఞత చెప్పేటప్పుడు ఆ ఒడ్డు దగ్గరికి వచ్చి మాట మార్చలేను. ఏరు తగ్గిందనీ దూత వచ్చిందనీ చెప్పలేను. నలుగురు మనుషులు వచ్చారు. వాళ్ళను దేవుడే పంపాడని నేను నమ్ముతున్నాను.

నా కూడిక ఆపకండి. ఇదొక్కటే అడుగుతున్నాను.

ప్రసూన

* * *

చర్ల,
22 జనవరి 1980

ప్రసూనకు,

ఉత్తరం అందింది. తమ్ముడు తాగడం లేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత మిగతాది చదివాను. ఇంతకంటే తాగాడన్నదే నయం అనిపించింది.

దేవునికి వదిలినదాన్ని ఏటికి బలి ఇచ్చారు. పాస్టరుగారు రానన్నారు. సంఘం బాధ్యత ఎలాగూ వాడికి ఉండదు. కూడిక పెడితే అది కృతజ్ఞత కూడిక అనిపించుకోదు, మా సంఘం నుంచి ఎవరూ రారు. నేనూ రాను.

మన ఇంటి సంగతి నీకు తెలియదు. మా నాన్నగారు ఉపదేశిగా ఉన్న రోజుల్లో ఇదే ఏటి ఒడ్డున, ఇలాంటి వానలోనే, మోసేవాళ్ళు ఇదే మాట అడిగారు. నాన్న తల వంచలేదు. కోడినివ్వను, దేవుని మీద భారం వేసి ఇక్కడే ఉంటాం అన్నారు. ఆ సాక్ష్యం ఈ సంఘంలో ఇప్పటికీ చెప్తారు. ఏటా కృతజ్ఞత ఆదివారం నన్ను లేపి చెప్పిస్తారు. అలాంటి మనిషి కడుపున పుట్టినవాడు మీ ఆయన. వాడిని అడుగు, నాన్న ముఖం గుర్తుందేమో.

బిడ్డను చలికి బయట తిప్పకు.

సువార్తమ్మ

* * *

బాసగూడ పోస్టు,
12 ఫిబ్రవరి 1980

వదిన గారికి ప్రసూన వందనాలు.

మీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. అడగమన్నారు కాబట్టి అడిగాను. నాన్నగారి ముఖం గుర్తుందా అని. ఆయన బాబును నా ఒళ్ళో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చి కూర్చుని చెప్పారు.

మంచం మీద ఉన్నది మీరని నాకు తెలియదు వదినా.

అప్పుడు ఆయన చిన్నవాడు, మీ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడట. మోసేవాళ్ళు వెళ్ళిపోయారట. నాన్నగారు మోకాళ్ళ మీద ఉన్నారట. మీరు అరుస్తుంటే తను చెవులు మూసుకున్నానని చెప్పి ఆయన ఏడ్చారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు. మాడ కోడి మాట ఎత్తగానే ఎందుకు పరుగెత్తారో నాకు ఇప్పుడు తెలిసింది. మీకు రాయొద్దని ఎందుకన్నారో కూడా తెలిసింది. "అక్కకు తెలిస్తే, ఆ రోజు నాన్న ఎందుకియ్యలేదని తనను తనే అడుగుతది. ఇంత కాలం అడగకుండ బతికింది" అన్నారు. మీ దగ్గర దోషిగా నిలబడటానికి ఆయన ఒప్పుకున్నారు గానీ, ఆ మాట మీ మనసులో పడటానికి ఒప్పుకోలేదు.

నేనే తెచ్చి పడేశాను. నన్ను తిట్టండి. నాకు తెలియక రాశాను. తెలిసి ఉంటే ఎలా రాసేదాన్నో ఇప్పటికీ తోచడం లేదు.

కూడిక పోయిన ఆదివారం జరిగింది. పాస్టరుగారు లేరు. ఇక్కడి కుటుంబాలన్నీ వచ్చాయి. కాంపౌండరు గారు ప్రార్థన చేశారు. చేసే ముందు, పెద్దరికం నాకొద్దు, గురూజీయే ఉండాలి అన్నారు. అది మీ పాస్టరుగారికి ఆయనే రాస్తారట. మాడ కుంటుకుంటూ వచ్చాడు. భీమా వచ్చాడు, ఆ ఇద్దరూ వచ్చారు. లక్మే కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఎవరూ తాగి రాలేదు.

నేను లేచి అంతా చెప్పాను. కోడి సంగతి కూడా. దేవా, నీ కోడిని నీకు ఇవ్వలేకపోయాం, క్షమించు అన్నాను. తర్వాత, ఈ నలుగురి భుజాలకు వందనాలు, లక్మే చేతులకు వందనాలు, వీళ్ళను ఆ రోజు ఇళ్ళల్లోనే ఉంచినందుకు నీకు వందనాలు అన్నాను. కాంపౌండరు గారు దాన్ని వాళ్ళ మాటలో చెప్పారు. మాడ, "మంచం మీద మనిషుంటే మోయరా ఏంది" అని భీమా వైపు చూశాడు. లక్మే మాత్రం బాబును తీసుకుని, అన్నం తినే దాకా ఎవరికీ ఇవ్వలేదు.

మీ సంగతి అక్కడ ఎత్తలేదు. అది మీది. మనసులో మాత్రం మిమ్మల్ని తలుచుకున్నాను.

ఇప్పుడు ఈ బిడ్డ నా బిడ్డ అనిపిస్తున్నాడు. పేరు ఇంకా పెట్టలేదు. మీరు వచ్చి పెట్టాలి.

ప్రసూన

* * *

చర్ల,
10 మార్చి 1980

ప్రసూనకు వదిన దీవెనలు. తమ్ముడికి కూడా. వాణ్ణి నేను ఏమీ అనుకోవడం లేదని చెప్పు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నీ మీద చాలా కోపం వచ్చింది. చింపేద్దామనుకున్నాను. గిన్నెలన్నీ తోమాను, తోమినవే మళ్ళీ తోమాను.

నిన్న మా సంఘంలో కృతజ్ఞత ఆదివారం. ఎప్పటిలాగే పాస్టరుగారు, సువార్తమ్మగారు లేచి నాన్నగారి సాక్ష్యం చెప్తారు అన్నారు. లేచాను. ఏటా చెప్పే మాటలే నోటి చివర ఉన్నాయి. వాన, ఏరు, మోసేవాళ్ళు, నాన్న. ఇన్నేళ్ళూ నేను వందనాలు చెప్పింది నాన్న తల వంచనందుకు. జనం ఆమెన్ అనేవాళ్ళు, నేను కూర్చునేదాన్ని. ఆ సాక్ష్యంలో మంచం ఉండేది. మంచం మీద ఎవరున్నారో ఉండేది కాదు. నేను కూడా చెప్పేదాన్ని కాదు.

నిన్న నాన్న పేరు ఎత్తలేదు. ఆయన తప్పు చేశాడని గానీ ఒప్పు చేశాడని గానీ అనలేదు. అది ఆయనా దేవుడూ చూసుకుంటారు. నేను చెప్పింది ఇంతే. దేవా, నాకు ఒక ఆడపిల్లను ఇచ్చావు. ఏటి ఒడ్డున తాటాకు గొడుగు కింద పుట్టింది. ఏడ్చింది. తల నిండా జుట్టు. కాసేపు నా మీద పడుకుంది, వెచ్చగా ఉంది. దాన్ని ఇచ్చినందుకు నీకు ఎప్పుడూ వందనాలు చెప్పలేదు. ఇవాళ చెప్తున్నాను. చెప్పి కూర్చున్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారికి ఏ పాట ఎత్తుకోవాలో తోచలేదు. ఆడవాళ్ళ వైపు ముసలావిడ ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడకెవరు పోయారో నాకు తెలియదు. అడుగుతాను ఒక రోజు.

నీకు ఒక సంగతి చెప్పాలి. ఆ వానల్లో మీ అన్నయ్య ఊళ్ళో లేడు. రాజమండ్రి కలప డిపోలో పనికి వెళ్ళాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. నాన్న ఆయనతో దేవుని చిత్తం అన్నారు. ఆయన తల ఊపాడు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆ మాట రాలేదు. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆయనకు అక్కర్లేదేమో అనుకుని బతికాను.

నిన్న గుడి నుంచి ఇంటికి నడుస్తున్నాం. ఆయన ఎప్పుడూ నాలుగడుగులు ముందు నడుస్తాడు. నిన్న ఆగాడు. నేను దగ్గరికి వచ్చేదాకా ఆగి, నా వైపు చూడకుండా, "ఎవరి పోలిక?" అని అడిగాడు.

ముక్కు నీదే అని చెప్పాను.

నీ వదిన,
సువార్తమ్మ